గెడ్డ దాటినవాడు చేప తిప్పాలి

తవిటయ్య చేపల వేటకు వెళ్ళేవాళ్ళ ఇంట పుట్టాడు గానీ, తెప్ప ఎక్కితే చాలు, పేగులు నోట్లోకి వచ్చేవి. సముద్రానికీ తనకూ మధ్య ఎంత నేల ఉంటే అంత మంచిదని చిన్నప్పుడే గ్రహించి, పలాస స్టేషను బయట ఆటో పెట్టుకున్నాడు. అక్కడినుంచి సముద్రం కనపడదు కాబట్టి దాని గురించి ఎంతైనా చెప్పవచ్చు. వాళ్ళ తాత తిమింగలం వీపు మీద పొయ్యి పెట్టి వంట చేసుకున్న సంగతి, ఆటో కాశీబుగ్గ దాటకముందే ఎక్కినవాళ్ళకు తెలిసిపోయేది.

ఓ ఆదివారం హైదరాబాదు నుంచి మనోహర్ అనే కుర్రాడు రైలు దిగాడు. మెడలో కెమెరా, కాళ్ళకు కొండలెక్కే బూట్లు.

"అన్నా, సరిహద్దు ఊరొకటి కావాలి. పక్కన సముద్రం ఉండాలి. భయంకరంగా, ఎవరూ చూడనట్టుగా."

అసలు సరిహద్దు ఇచ్ఛాపురం దాటాక ఉంది. ఆ మధ్యాహ్నం వజ్రపుకొత్తూరు అవతల అత్తవారింట్లో తవిటయ్యకు చేపల పులుసు ఉంది. అంత దూరం పోయి వస్తే పులుసు చల్లారిపోతుంది.

"ఇచ్ఛాపురం కాడిది పాత సరిహద్దు బావూ. సముద్రం కోసీసింది. ఇప్పుడు ఇటేపు జరిగిపోనాది," అన్నాడు.

అత్తవారి ఊరి ముందు ఒక గెడ్డ పారుతుంది. దానిమీద కల్వర్టు దాటగానే తవిటయ్య గొంతు తగ్గించాడు. "ఒడిశాలో పడ్డాం."

"బోర్డులన్నీ తెలుగులో ఉన్నాయే?"

"ఇంకా మార్సనేదు."

మోకాలెత్తు రాళ్ళు నాలుగు చూపించి, ఏటా ఓ విదేశీ ఓడ వీటికే కొట్టుకుని పగులుతుందన్నాడు. మొగలి పొదలు చూపించి అందులో దొంగలుంటారన్నాడు. పులుసు వడ్డిస్తున్న అత్త బంగారమ్మతో మనోహర్, "అమ్మా, మీరు తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారు," అని మెచ్చుకున్నాడు. ఆవిడ అల్లుడి వంక చూసింది. అల్లుడు ముల్లు తీసుకుంటూ తలెత్తలేదు.

మనోహర్ పెట్టిన వీడియో ఊరూరా తిరిగింది. కార్లు వరస కట్టాయి. వచ్చినవాళ్ళకు ఫోటో తీసుకోవడానికి బంగారమ్మ నెత్తళ్ళు ఆరబోసే ఇసుకే కావలసివచ్చింది. ఆవిడ బతుకంతా ఆ ఎండుచేపల మీదే. బూటు కింద నలిగిన నెత్తళ్ళను సంతలో ఎవడూ కొనడు. తల్లికి కాపలాగా తవిటయ్య భార్య రమణి పుట్టింటికి పోయి, అక్కడినుంచి ఫోన్ చేసింది.

"ఏటి మావా, నీ సరిహద్దు ఎప్పుడు తీసేత్తావు?"

"నానేటి సేసినాను? సూపించమన్నాడు, సూపించినాను."

"మా అమ్మ సేపల్ని జనం తొక్కడం మానీదాకా నాను రాను. నువ్వే వొండుకో."

తవిటయ్యకు వండుకోవడం రాదు. మాడిన అన్నం కొన్నాళ్ళు తిన్నాక, జీవితంలో మొదటిసారి నిజం చెప్పడానికి సిద్ధపడ్డాడు. కల్వర్టు మీద నిలబడి, "ఇది శ్రీకాకుళం జిల్లాయే బావూ. సరిహద్దూ నేదు, ఓడా నేదు," అని వచ్చిన ప్రతి కారుకూ చెప్పాడు. అలవాటు లేని పని కావడంవల్ల నత్తి కూడా వచ్చింది. నల్లకళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ, "చూశారా, లోకల్ వాళ్ళు దాచేస్తున్నారు," అని దాన్నీ వీడియో తీసింది. కార్లు రెట్టింపయ్యాయి.

నిజానికి అంత బలం లేదని తేలిపోయింది. తవిటయ్య తన పాత వృత్తికే తిరిగివచ్చాడు. మండుటెండలో నడుం వంచి నెత్తళ్ళు తిరగేస్తున్న అత్తను చూశాడు, ఊరికే నిలబడ్డ జనాన్ని చూశాడు.

"బావూ, ఇక్కడో ఆచారం ఉంది. గెడ్డ దాటినోడు ముందు సేపలు తిప్పాల. తిప్పకండా సముద్రాన్ని సూత్తే, ఆ ఏడు సముద్రమే ఆడి ఇంటికి ఎల్తాది."

దుర్గాప్రసాద్ అని, కాలేజీలో పాఠాలు చెప్పే ఆయన అందరికంటే ముందు చెప్పులు విడిచాడు. "మనం పోగొట్టుకున్నది ఈ జ్ఞానమే," అంటూ ఇసుకలో కూర్చున్నాడు. వెనకే నల్లకళ్ళజోళ్ళన్నీ కూర్చున్నాయి. చెప్పులు విడవడంతో తొక్కుడు పోయింది, తిప్పేవాళ్ళు పోగయ్యారు. బంగారమ్మ తాటాకు నీడకు చేరి, చుట్ట అడ్డపొగ పెట్టుకుని, పనివాళ్ళను అదిలించసాగింది. "ఆ సివర పచ్చిగుంది బాబూ. సరిగ్గా తిప్పు."

ఇంకేం, పెళ్ళాం వచ్చినట్టే. తవిటయ్య గడ్డం గీసుకుని, పకోడీ పొట్లంతో ఊళ్ళోకి దిగాడు. రమణి అప్పటికే సంచి సర్దుకుని ఉంది. పొట్లం అందుకుని ఆటోలో కూర్చుంది.

"ఎలాగొచ్చినావు అల్లుడా?" అంది బంగారమ్మ.

"ఆటో మీద, అత్తా."

"గెడ్డ దాటేనా?"

ఆవిడ తవిటయ్య ముందు పచ్చి నెత్తళ్ళ బుట్ట పెట్టింది.

"అత్తా, అది ఆలకి గానీ మనకేటి…"

ఇసుకలోంచి దుర్గాప్రసాద్ కోపంగా తలెత్తాడు. "మీ ఆచారాన్ని మీరే తప్పితే ఎలాగయ్యా? ఇలాగే కదా అన్నీ పోతున్నాయి."

జనమంతా ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. సముద్రానికి దూరంగా బతికినవాడు సముద్రం ఒడ్డున గొంతుక్కూర్చున్నాడు. ఆ వాసనకు పేగులు మళ్ళీ నోట్లోకి వచ్చాయి.

ఆటోలోంచి రమణి పకోడీ నములుతూ కేకేసింది.

"మావా, అటేపు వరస తిప్పకండా వొగ్గీసినావు."