చప్పుడు లేని జీపు

పలాసలో కమాన్ల పని చేసిన పదేళ్లలో అందరూ నన్ను అడిగింది ఒకటే, గట్టిగా చెయ్యమని. కమాన్ అంటే ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీల కట్ట. జీపు బరువంతా దాని మీదే కూర్చుంటుంది. ఉద్దానం ఊళ్లకు జీపులు తిప్పేవాళ్లు ఎనిమిదిమంది ఎక్కే బండిలో పద్దెనిమిదిమందిని కుక్కడానికి పట్టీ మీద పట్టీ వేయించుకునేవాళ్లు. లోపల కూర్చున్నవాళ్ల నడుములు ఏమైనా వాళ్లకు పట్టేది కాదు. అబద్ధమెందుకు, నాకూ పట్టేది కాదు.

మెత్తగా చెయ్యమని అడిగిన మొదటివాడు మా బావ. మా అక్క మొగుడు, మా ఊళ్లోనే జీపు నడిపేవాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. అప్పటికే మా చుట్టుపక్కల ఊళ్లలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండన్నారు. ఎవరికి తోచింది వాళ్లు చెప్పి పోయారు. రక్తం కడిగించుకోవాలంటే విశాఖపట్నం పోవాలి. అలాంటివాళ్లను బావ వారం వారం తీసుకెళ్లేవాడు. ఒకరోజు షాపు ముందు జీపు ఆపి, దిగకుండానే అన్నాడు.

"ఎనక కూకున్నోలు గతుకు గతుక్కీ ఏడుత్తన్నారు బావా. నానింక ఇనలేను. ఏటి సేత్తావో సెయ్యి."

జీపును మూడు రోజులు జాకీల మీద నిలబెట్టాను. ఒక్కో కట్టలో ఏడు పట్టీలుంటే మూడు తీసేశాను. మిగిలినవాటి అంచులు అరగదీసి, మధ్యన గ్రీజు పూసి, అరిగిపోయిన బుష్షుల చోట కొత్త రబ్బరువి వేశాను. బ్రేకు కొట్టి చూస్తే జీపు ముక్కు నేలకు ఆనినంత పనైంది. కట్టకొక పట్టీ తిరిగి పెట్టాను. అప్పుడు కుదిరింది.

మా ఊరి మొదట్లో ఒక పగిలిన కల్వర్టు ఉండేది. దాని మీద ఏ బండి ఎక్కినా దడదడమని ఊరంతా వినిపించేది. ఆ సాయంత్రం మా జీపు దాన్ని దాటితే అరుగుల మీద కూర్చున్నవాళ్లు తలైనా ఎత్తలేదు. నా అంత మొనగాడు శ్రీకాకుళం జిల్లాలో లేడనుకున్నాను.

ఏడాది తిరగలేదు, జనం దానికి మెత్తబండి అని పేరు పెట్టారు. "ఆలింటికి మెత్తబండొచ్చింది" అంటే ఆ ఇంట్లో ఎవరికో కిడ్నీలు పోయాయని, ఇంకేమీ చెప్పనక్కర్లేదు. పొద్దుగూకేసరికి పలకరింపులు మొదలు. ఒకరి తర్వాత ఒకరు కొబ్బరిబొండాం పట్టుకుని వచ్చేవాళ్లు. ఆ జబ్బుకు కొబ్బరినీళ్లు పనికిరావని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. కానీ ఉత్త చేతులతో ఎలా వెళ్తారు? బొండాం గుమ్మంలో పెట్టి, రోగి ముఖంలోకి అలా చూస్తూ కూర్చునేవాళ్లు.

ఆ వెళ్లేవాళ్లలో అందరికంటే ముందుండేది మా అమ్మ. తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటూ, "మొకం పాలిపోనాది. ఈ ఏడు వరికోతలు సూడదు" అనేది. చాలాసార్లు ఆమె మాటే నిజమయ్యేది.

ఒక వేసవిలో అమ్మ కాళ్లు చెప్పుల్లో పట్టడం మానేశాయి. ఎండకు వాచాయంది. అన్నం సహించక పక్కన పెడితే, జీడితోటలో పని ఎక్కువైందంది. టెక్కలి వెళ్లి రక్తం పరీక్ష చేయిద్దామన్నాను. బస్సుకు నిలబడే ఓపిక ఆమెకు లేదు. బావ జీపు ఉందిగా అన్నాను.

"ఆ బండా? నానెక్కను."

"మెత్తగుంటాదమ్మా. నాను సేసిందే కదా."

"నువ్వు సేసిందేనని తెల్సురా. సప్పుడు లేకుండా వత్తాది, ఊరంతటికీ సెప్పేత్తాది. బతికుండగా నాకు పలకరింపులొద్దు. ఆలు ఎలా సూత్తారో నాకు తెల్దా? నానూ అలా సూసొచ్చినదాన్నే."

రెండు వారాలు బతిమాలాను, అరిచాను. ఒకరోజు కంచం తోసేసి లేచిపోయాను. ఊళ్లో అందరి నొప్పీ తగ్గించే బండి నా చేత్తో చేసి పెట్టుకున్నాను, కన్నతల్లి మాత్రం ఎక్కనంటుంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె మొండితనం ముందు ఎవరూ నిలవలేరు. చివరికి నేనే ఓడి, జీపును షాపుకు తోలుకెళ్లి, తీసిన పట్టీలు మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టాను. బావ పక్కనే నిలబడి చూశాడు.

"అత్త నడుం ఏటైపోద్ది బావా?"

"సప్పుడు కావాల" అన్నాను.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. కళ్లజోడు చేయించుకోడానికి వెళ్తున్నానని అమ్మ ఎదురింటామెకు గట్టిగా వినబడేలా చెప్పింది. జీపు కల్వర్టు మీద దడదడలాడింది. అరుగుల మీదవాళ్లు తలెత్తి చూసి, ఇంత చప్పుడు చేస్తోందంటే రోగి కోసం కాదులే అని మళ్లీ కబుర్లలో పడ్డారు. అమ్మ ముఖంలో గెలుపు కనబడింది. అది పలాస దాకా కూడా నిలవలేదు. పైటకొంగు నోట్లో కుక్కుకుని సీటు కమ్మీ పట్టుకుంది. నేను ఆమె భుజం పట్టుకుని కూర్చున్నాను. ఆ గతుకులన్నీ ఎలా తీసేయాలో తెలిసినవాణ్ని నేను. ఆ రోజు ఆమెకు తగిలిన ప్రతి గతుకూ నా చేతులతో బిగించిందే.

టెక్కలిలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. నేను బయటికొచ్చేసరికి అమ్మ బల్ల మీద కూర్చుని నా ముఖం వైపే చూస్తోంది. ఎన్నో ఇళ్లలో ఎన్నో ముఖాలు చదివిన మనిషి. నాదీ చదివేసింది.

తిరుగు దారిలో కల్వర్టుకు ముందు, "కూసింత ఆపు అల్లుడా" అంది. వాంతికి దిగుతుందనుకున్నాను. దిగలేదు. జీపు చక్రాల వైపు చేత్తో చూపించి నాతో అంది.

"రేపు ఆ పట్టీలు తీసీరా. ఇంక దాసీదేటుంది? నడుం పోతంది."

మర్నాడు తీసేశాను. సాయంత్రం జీపు కల్వర్టు దాటి, చప్పుడు లేకుండా వచ్చి మా ఇంటి ముందు ఆగింది. దీపాలు పెట్టకముందే ఎదురింటామె బొండాం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అమ్మ మంచం మీద లేచి కూర్చుని, జుట్టు సవరించుకుని, ఆమెను లోపలికి రమ్మంది.