అచ్యుతరామయ్యగారి ఖాళీ పండగ

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కనున్న మా సందులో పదకొండు నెలలకోసారి ఒక పండగ జరుగుతుంది. ఏ పంచాంగంలోనూ కనబడదు. ఆ రోజు అద్దెకున్న కుటుంబం మంచాలు, బిందెలు, గ్యాసు సిలిండరు, దేవుడి పటాలతో సహా వీధిలోకొచ్చి కూర్చుంటుంది. సాయంత్రం మళ్లీ అదే ఇంట్లోకి వెళ్తుంది. దీన్ని కనిపెట్టిన మహానుభావుడు మా ఇంటి ఓనరు అచ్యుతరామయ్యగారు.

ఆయనది అమలాపురం దగ్గర. పోర్టులో సరుకు షెడ్డు గుమాస్తాగా చేరి, లోపలికొచ్చిన ప్రతి మూటకీ ఒక సంతకం, బయటికెళ్లిన ప్రతి మూటకీ ఒక సంతకం పెట్టిస్తూ ముప్పై మూడేళ్లు గడిపారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో మూడు వాటాల ఇల్లు కట్టారు. కింద ముందు వాటా తనది. వెనక వాటాలో ట్రాలీ ఆటో నడిపే ఎల్లారావు, అతని భార్య నూకాలు. పై వాటాలో మోటార్లు వైండింగ్ చేసుకునే నేను. మేము కూడా ఆయన దృష్టిలో మూటలమే.

అద్దెవాడు ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే ఇల్లు వాడిదైపోతుందని టీకొట్టు దగ్గర ఎవరో ఆయన చెవిలో ఊదారు. వకీలుని అడిగితే ఫీజవుతుంది కనక అడగలేదు. రిజిస్ట్రేషను గొడవ ఉండదని ఊళ్లో అందరూ పదకొండు నెలలకే అగ్రిమెంటు రాస్తారు, గడువు తీరితే ఇంకో స్టాంపు పేపరు కొనుక్కుని ఊరుకుంటారు. ఈయన అలా ఊరుకునే రకం కాదు. గడువు తీరిన మర్నాడు పొద్దున్నే నిజంగా ఖాళీ చేయించి, తాళం పుచ్చుకుంటారు. అడ్వాన్సు మొత్తం అద్దెవాళ్ల చేతిలో పెట్టి ఫోనులో ఫొటో తీస్తారు. ‘ఇల్లు ఖాళీ చేయడమైనది, అడ్వాన్సు పూర్తిగా ముట్టినది, ఇకమీదట ఒకరికొకరు బాకీ లేము’ అని కాగితం రెండు ప్రతులు రాసి, తానూ సంతకం చేసి, వాళ్లచేతా చేయిస్తారు. కింద సాక్షి సంతకం నాది. నా వాటా వంతు వచ్చినప్పుడు సాక్షి ఎల్లారావు. సాయంత్రం మంచి గడియ చూసి అద్దెవాళ్లు ఆ డబ్బు తిరిగిచ్చి, కొత్త అగ్రిమెంటు మీద సంతకం పెట్టి, పాలు పొంగించుకుంటారు.

“సాయంత్రం దాకా ఎందుకండీ, ఫొటో అవగానే డబ్బు తీసేసుకోవచ్చుగా?” అని ఒకసారి అడిగాను.

“ఆయ్, ఎంత మాటన్నారండీ! తాళమూ డబ్బూ రెండూ నా దగ్గరే ఉంటే కాగితం అబద్ధమైపోదండీ?” అన్నారు.

అంతటి సత్యసంధుడు. కానీ నిజంగా ఖాళీ చేసేవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆ సత్యానికి పక్షవాతం వస్తుంది. నాకంటే ముందు పై వాటాలో ఉన్న చలమయ్య రూలు ప్రకారం రెండు నెలల ముందు నోటీసిచ్చాడు. గోడ రంగులకింత, మేకుల కన్నాలకింత, కుళాయి కారినందుకింత అని లెక్క తేలేసరికి, అడ్వాన్సంతా పోగా చలమయ్యే పన్నెండు వందలు ఎదురిచ్చి బయటపడ్డాడు. అడ్వాన్సు రెండు నెలల అద్దెకి మించకూడదని ఢిల్లీలో నమూనా చట్టం రాశారని పేపర్లో వస్తే, ఆ పేపరు పరిచి మా అందరి ముందూ బఠానీలు ఒలుచుకున్నారు.

నూకాలు హార్బరులో చేపలు కొని గంపతో వీధులు తిరిగి అమ్ముతుంది. నా దగ్గర ముప్పై వేలు తీసుకున్న పెద్దమనిషి, వాసన పేరు చెప్పి ఆవిడ దగ్గర నలభై వేలు గుంజారు. ఆవిడ పంపే వంజరం పులుసులో మాత్రం ఏనాడూ వాసన కనిపెట్టలేదు.

ఈ ఏడు ఆనందపురం జంక్షన్లో నూకాలుకి చిన్న కొట్టూ, వెనక ఓ గదీ కుదిరాయి. నెత్తిమీద గంప దిగే రోజొచ్చింది. కానీ వారంలో నలభై వేలు కట్టాలి. ఉన్నవల్లా అచ్యుతరామయ్యగారి దగ్గర ఇరుక్కున్న ఆ నలభై వేలే.

“నోటీసిత్తే సలమయ్య గతే నాకూనూ,” అని మెట్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకుంది. నాకు ఒళ్లు మండింది. మండి ఏం చేశాను? పైకెళ్లి పడుకున్నాను.

నాలుగో రోజున పండగ వచ్చింది. సన్నగా చినుకులు. ఎల్లారావు సామాను వీధిలో దింపకుండా తన ట్రాలీ ఆటోలోకి ఎక్కించి పట్టా కప్పాడు.

“వానొత్తాది బావా, తడిసిపోద్ది,” అన్నాడు నాతో.

తొమ్మిదింటికి తాళం చేతులు మారింది. నోట్లు నూకాలు చేతిలో పడ్డాయి. ఫొటో తీశారు. కాగితం మీద మూడు సంతకాలు పడ్డాయి. ఆవిడ తన వంతు కాగితం మడిచి డబ్బుతోపాటు బొడ్డులో దోపుకుంది.

“నాలుగూ నలభైకి మంచి టైమండీ. పాలు తెచ్చుకోమ్మా,” అన్నారు ఓనరు.

“పాలేటి బాబూ? నాను ఖాళీ సేసీసినాను కదా,” అంది నూకాలు, ట్రాలీ ఎక్కుతూ.

ఆయన నవ్వారు. ఎల్లారావు బండి స్టార్టు చేశాక నవ్వు ఆగిపోయింది.

“రెండు నెలల ముందు నోటీసివ్వాలి! రూలుంది!” అని అరిచారు.

“నోటీసు ఇంట్లో ఉన్నోలివ్వాల బాబూ. గడువు నిన్నటితో అయిపోనాది, తాళం మీ సేతిలోనే ఉంది. పెతీసారీ ఖాళీ సేయిత్తన్నారు, ఈపాలి సేసినాను. అంతే!”

ట్రాలీ సందు మలుపు తిరిగి వెళ్లిపోయింది. అచ్యుతరామయ్యగారు చినుకుల్లో తాళం పట్టుకుని అలాగే నిలబడ్డారు. పాపం అనిపించిందా అంటే, లేదు. నాకు సంతోషం ఆగలేదు.

కాసేపటికి నా వైపు తిరిగారు.

“మీరు సాక్షి కదండీ. రేపు పోలీస్ స్టేషన్లో చెప్పాలి. ఆ డబ్బు ఉత్తుత్తికే ఇచ్చానని, ఆ కాగితం ఉత్తిదేనని చెప్పండి.”

“ఎలా చెప్పనండీ? ఆవిడ విషయంలో ఐదుసార్లు అబద్ధానికే సాక్షి సంతకం పెట్టాను. ఇవాళ ఒక్కరోజే నిజానికి పెట్టాను,” అన్నాను.