పయనం రొట్టెలు

ముందు ఆ డబ్బా పక్కన పెట్టు. చేతులు జిడ్డయితే ఫోను మీద అక్షరాలు సరిగా పడవు, మళ్లీ నన్నే చెప్పింది చెప్పమంటావు. మీ నాన్న ఆఫీసు నుంచి దీపావళికి తెచ్చిన బర్ఫీ మంచిదే, కాదనను. ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క గూడు, పైన మెరుపు కాగితం. అది చూసే కదా నువ్వు అడిగావు, మీ ఊళ్లో ఈ కాలంలో ఒకరికొకరు ఏమిచ్చుకునేవాళ్లు అని. "ఇచ్చుకునేవాళ్లు" అంటే నేను వందేళ్ల కిందటి మనిషినా? ఇప్పటికీ ఇస్తున్నారు. నేను ఎమ్మిగనూరు వచ్చి మీ దగ్గర ఉంటున్నాను కాబట్టి నువ్వు చూడలేదు, అంతే. రాసుకో.

మా ఊరు కోసిగి పక్కన. అక్కడ దసరా అంటే జమ్మి ఆకు చేతిలో పెట్టి దండం పెట్టడంతో అయిపోదు. ఆ తర్వాత ఊరు ఖాళీ అవుతుంది. వానలు బాగా పడ్డ ఏడు కాస్త ఆలస్యంగా, పడని ఏడు పండగ ముగిసీ ముగియకముందే, సగం ఊరు గుంటూరు వైపు పోతుంది. ముందు పత్తి తీయడానికి, తర్వాత మిరపకాయ కోయడానికి. ఎండలు ముదిరాక తిరిగి వస్తారు. పోయేవాళ్లకు పోనివాళ్లు రొట్టెలు చేసి ఇస్తారు. మా ఊళ్లో ఈ కాలపు కానుక అదే. పోయేవాళ్లకు చేసుకునే తీరిక ఉండదు. మేకల్ని ఎవరికో ఒప్పజెప్పాలి, గింజలకు పురుగు పట్టకుండా వేపాకు కలిపి పెట్టాలి, తలుపుకు సరైన తాళం వెతకాలి. అందుకని పొయ్యి పని మాలాంటి ఇంటిపట్టున ఉండేవాళ్లది. వాటిని పయనం రొట్టెలు అంటారు.

చేసేది సజ్జపిండితో. సజ్జపిండి నిలవ పెడితే చేదెక్కుతుంది, కాబట్టి చేసే రోజే పట్టించాలి. వేడినీళ్లు పోసి అరచేతి మొదలుతో మెదపాలి, ఓపిక ఉన్నంతసేపు కాదు, పిండి పగలకుండా సాగేదాకా. పీట మీద తట్టి, పైన నువ్వులు అద్ది, పెనం మీద రెండు వైపులా కాల్చాలి. మెత్తటి రొట్టె అయితే అక్కడితో సరి. ఇది నెల రోజులు నిలవాలి కదా, అందుకని కాల్చినదాన్ని పొయ్యిరాయికి ఆనించి నిలబెట్టాలి. సెగకు తేమ పోతుంది. తర్వాత నులకమంచం మీద గుడ్డ పరిచి ఎండకు పెట్టాలి. వేలితో కొడితే టక్కుమని మోగాలి. ఆదోని వైపు వీటిని కడక్ రొట్టెలంటారు, హోటళ్లలో కూడా పెడతారు. అవి పలచన. మావి బండిలో కుదుపులకు విరగకూడదు, కొంచెం మందం.

ఇంకో సంగతి. ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే మూట కట్టరు. మనిషికొక మూట. అక్కడికి పోయాక, కూలీలను కుదిర్చి తీసుకుపోయే మేస్త్రి మొగుణ్ని ఒక చేనికి, పెళ్లాన్ని ఇంకో చేనికి పంపుతాడు, ఎవరి తిండి వాళ్ల దగ్గర ఉండాలి. పెద్దవాళ్లకు చాటంత రొట్టెలు. పిల్లలకు మాత్రం అరచేతంత చిన్నవి, బెల్లం నీళ్లతో కలిపినవి. వాళ్లు పనికి పోవడం లేదు, అమ్మ కొంగు పట్టుకుని పోతున్నారు అని దాని అర్థం. ఎవరి మూటలో పెద్ద రొట్టెలు ఉంటే వాళ్లు ఆ ఏడు కూలీ లెక్కలోకి వచ్చినట్టు. ఇది ఎవరూ నోటితో చెప్పరు, మూట చూస్తే తెలుస్తుంది.

నాలుగైదేళ్ల కింద, వానలు లేని ఏడు, మా పక్కింటి ఆమె వచ్చి గడప మీద కూర్చుంది. మాకు చుట్టం కాదు, వరసకు నన్ను అత్తా అంటుంది. మొగుడు, ఆమె, ఏడో తరగతి చదివే కూతురు, ఇంకా బడికి పోని కొడుకు.

"అత్తా, మాకు నాలుగు మూటలు. మూడు పెద్దవి, ఒకటి చిన్నది," అంది.

"మీ ఇంట్లో పెద్దోళ్లు ఇద్దరే కదమ్మా."

"పాపకు గూడా ఈ తూరి పెద్ద రొట్టెలే సెయ్యి. మేస్త్రికి ముగ్గురం వస్తాండామని సెప్పినాం."

"బడి ఉండాది కదా దానికి."

"బడి యాడికి పోతాది అత్తా. మేము వచ్చేదాకా ఈడనే ఉంటాది."

మా బడిలో వలసపోయే పిల్లల కోసం ప్రతి ఏడూ హాస్టలు తెరుస్తారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తిప్పలేమిటంటే ఊరు ముందు పోతుంది, హాస్టలు తర్వాత వస్తుంది. మధ్యలో నెల రోజులో, ఇంకా ఎక్కువో. ఆ నెల రోజులు పిల్ల ఏం తినాలి? వాళ్లకు ఊళ్లో అవ్వా తాతా లేరు. మా ఇంట్లో తింటుందిలే అని అన్నాను.

"వద్దత్తా," అంది. "నువ్వు మంచిదానివే. కానీ ఒకరింట్లో ఒక ముద్ద తింటే పదేండ్లు సెప్పుకుంటారు ఈ ఊళ్లో. రేపు దాని పెండ్లిలో గూడా ఎవరో ఒకరు తీస్తారు ఆ మాట."

అది నిజమే, మా ఊళ్లో తీస్తారు. నేను రెండోసారి అనలేదు. ఎవరి ఇల్లు వాళ్లది. సజ్జలు జల్లించి పెట్టి, చేసే రోజు పొద్దున్నే మిల్లుకు పంపించాను.

రొట్టెలు చేసే రోజు ఆ పిల్ల సాయానికి వచ్చింది. నేను తట్టడం, తను నువ్వులు అద్దడం. ఆ రోజు మబ్బుగా ఉంది, ఎండ వస్తూ పోతూ ఉంది, మంచాన్ని మూడు చోట్లకు మార్చాం. ఆ పిల్ల బడి సంగతులు చెబుతూనే ఉంది. సైన్సు టీచరు కొత్తగా వచ్చిందట, ఉల్లిగడ్డ పొరను గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూపించిందట, గోడకు పేర్చిన ఇటుకల మాదిరి ఉందట. ఈసారి ఆకు పొరను చూపిస్తానన్నదట. నువ్వులు అద్దుతూనే అడిగింది.

"అవ్వా, నాకు చిన్న రొట్టెలు సేస్తే ఏమైతాది?"

"మీ యమ్మ పెద్దవి సెయ్యమనింది."

"చిన్నవి సూస్తే మేస్త్రి నన్ను లెక్క పెట్టుకోడేమో."

"మేస్త్రి మూటలు సూడడమ్మా, చేతులు సూస్తాడు," అన్నాను.

ఆ పిల్ల తన చేతులు చూసుకుంది. వేళ్లకు నువ్వులు అంటుకుని ఉన్నాయి.

అప్పుడే మా ఎదురింటి సాయిబుల ఆమె వచ్చింది. ఆమె మొగుడిది కుట్టుమిషను. ప్రతి ఏడూ మిగిలిన జాకెట్టు ముక్కలు కలిపి మూటలకు సంచులు కుట్టి ఇస్తారు, బుడ్డల పొడి కొట్టి ఇస్తారు. బుడ్డలంటే మీరు పల్లీలు అంటారే, అవి. నేను గురెళ్ల పొడి, అంటే వెర్రినువ్వుల పొడి, కొడతాను. ఆమె ఒక రొట్టె తీసి వేలితో కొట్టి చూసింది.

"ఏమక్కా, రొట్టెలు సేస్తాండావా, ఇంటికి పెంకులు సేస్తాండావా? వాన పడితే ఇంటిమీద కప్పుకోవచ్చు."

"నీ పొడిలో ఉప్పు ఏస్తే నా రొట్టె మెత్తగైతాది పో," అన్నాను. పోయిన ఏడు ఆమె ఉప్పు మరిచిపోయింది.

పయనం రోజు పొద్దున ఐచర్ బండి వచ్చి బడి ముందు ఆగింది. మా ఊళ్లో బండి తిప్పుకునే చోటు అదొక్కటే. పరుపులు, గిన్నెలు, కోళ్లు, అన్నీ ఎక్కిస్తున్నారు. నేను, ఎదురింటి ఆమె మూటలు పట్టుకుని పోయి ఎవరివి వాళ్ల చేతికి ఇచ్చాం. పక్కింటి ఆమె బండి మీద నిలబడి సామాను సర్దుతోంది. కూతురు కింద, చుట్టిన పరుపు మీద కూర్చుని ఉంది. నేను దాని మూట దాని ఒళ్లో పెట్టి ఇటు తిరిగాను. వెనక టక్కుమని చప్పుడైంది.

పిల్ల మూట విప్పి రొట్టె విరిచి తింటోంది.

ఇక్కడ నీకు ఒకటి చెప్పాలి. పయనం మూటను ఊరి పొలిమేర దాటేదాకా విప్పకూడదు. దాటాక మొదటి తునక చేనులోకి విసిరి, అప్పుడు తినాలి. ఊళ్లోనే విప్పితే ఆ మనిషి పయనం చెడినట్టు. ఆ మనిషి ఎక్కిన బండికి కూడా మంచిది కాదంటారు. ఎప్పుడో ఎవరిదో బండి బోల్తా పడిందని చెబుతారు. చూసినవాళ్లు ఎవరూ లేరు. నమ్మనివాళ్లూ లేరు.

మేస్త్రి ముందు చూశాడు. "ఏమ్మా, మీ పాప మూట ఇప్పినాది."

"యాడ?" అంది ఆమె బండి మీద నుంచి.

"కింద సూడు. తింటాండాది."

ఆమె దిగి వచ్చింది. "ఏమే, పొద్దున ఉగ్గాని తినలేదా నువ్వు?"

"తిన్నా."

"మరి?"

"మళ్లా ఆకలైంది," అంది పిల్ల, నములుతూనే. ఎండిన రొట్టె కదా, ఆ చప్పుడు అందరికీ వినబడుతోంది.

"మళ్లీ కట్టేస్తాలే అన్నా," అని ఆమె మేస్త్రితో అంది.

"కడితే కట్టినట్లైతాదా?" అన్నాడు మేస్త్రి. "ఇంత మంది ఎక్కుతాండారు. డ్రైవరు ఈ మాట ఇంటే తాళం ఈడనే పారేసి పోతాడు."

డ్రైవరు అప్పటికే కిటికీలోంచి తల బయట పెట్టాడు. అతనిది మా ఊరు కాదు, హాలహర్వి. "నేను ఇన్నా," అన్నాడు. "పాప ఎక్కితే నేను దిగుతా."

ఎక్కి కూర్చున్న ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. ఒకామె తన కొడుకు చేతిలోని మూట లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. ఇటు వీళ్ల చిన్న పిల్లవాడు అక్కను చూసి తన మూట ముడి పీకడం మొదలుపెట్టాడు. "నువ్వు గన ఇప్పినావంటే చేయి ఇరగ్గొడతా," అని తల్లి వాడి మూట చంకలో పెట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు సెప్పిచ్చినావా అత్తా?"

"నేను రొట్టెలు సేసినా. తినమని సెప్పలేదు."

ఎదురింటి ఆమె మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికే.

మొగుడు బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, పెళ్లాంతో, "ఇద్దరమే పోదాం. దాని దుప్పటి కిందికి దించు," అన్నాడు.

"హాస్టలు తెరిచేదాకా ఏం తింటాది?"

పిల్ల మూట ఎత్తి చూపింది. "ఇవి నాయే కదమా."

ఆమె బండెక్కి పిల్ల దుప్పటి కిందికి దించింది. పయనం రొట్టె ఒకసారి మూట కట్టి చేతికిచ్చాక ఇచ్చినవాళ్లది కాదు. అది తింటే ఎవరింట్లోనో తిన్నట్టు కాదు, సొంత తిండి తిన్నట్టు. పదేళ్ల తర్వాత పెళ్లిలో తీయడానికి అందులో మాటేమీ లేదు. పెద్ద రొట్టెలు చేయించింది కూడా వాళ్లమ్మే, పెద్ద మనిషికి నెలకు సరిపోయేన్ని.

బండి కదిలే ముందు కూతుర్ని పిలిచి ఇంటి తాళంచెవి చేతిలో పెట్టి, "రాత్రి అత్త ఇంట్లో పండుకో. పండుకునేదానికే పో, తినేదానికి కాదు," అంది. బండి మలుపు తిరిగాక పిల్ల మూట ముడి వేసి, పుస్తకాల సంచి తీసుకుని బడిలోకి పోయింది. బడి ముందే కదా ఉంది.

తెలిసి చేసిందా అని అడుగుతున్నావా? ఆ ఊళ్లో పుట్టిన పిల్ల, తెలియకుండా ఎట్లా చేస్తుంది. నేను మాత్రం అడగలేదు. అది చెప్పలేదు.

రాత్రి మా ఇంటికి వచ్చి పడుకునేది. వచ్చేముందే తన ఇంట్లో కూర్చుని రొట్టె, పొడి తినేసి, మూతి కడుక్కుని వచ్చేది. నేను పప్పు చేసిన రోజు కూడా ఇటు చూసేది కాదు. ఆకు పొరను చూపించారా అని ఒకరోజు అడిగితే, చూపించారు అవ్వా, చిన్న చిన్న నోర్లు ఉంటాయి దానికి, అంది.

టీచర్లు చెప్పిన నాటికి హాస్టలు తెరవలేదు. సామాన్లు రాలేదని కొన్నాళ్లు, వంటమనిషి రాలేదని కొన్నాళ్లు. మూట అయిపోయింది. ఆ మరుసటి రోజు పిల్ల వాళ్లింటి తాళం తీసి, వేపాకు కలిపి పెట్టిన సజ్జల్లోంచి ఒక చాటెడు తెచ్చింది. "ఇవి మాయి అవ్వా. నీ పెనం మాత్రం ఇయ్యి," అంది. ఇచ్చాను. తట్టడం చూపించబోతే వద్దంది. మొదటి నాలుగు రొట్టెలు ముక్కలయ్యాయి, ఆ ముక్కలే తిన్నది. తర్వాతవి గుండ్రంగా కాకపోయినా నిలిచాయి. పొయ్యిరాయికి ఆనించడం నన్ను చూసి ముందే నేర్చుకుంది.

అవి సగం అయ్యేసరికి హాస్టలు తెరిచారు. పోయే రోజు దుప్పటి, పుస్తకాలు మోసుకుంటూ వచ్చి, మిగిలిన రొట్టెలు గుడ్డలో కట్టి నా చేతిలో పెట్టింది. "ఆడ అన్నం పెడతారంట. ఇవి నీకు," అంది.

తీసుకున్నాను. ఉప్పు ఎక్కువ వేసింది. నీళ్లు తాగుతూ రెండు పూటలు తిన్నాను.