మిరపకాయల మీద నా భూగోళశాస్త్రం

కళ్లం నిండా పోసిన పండు మిరపకాయల్ని ఎండబెట్టబోయి ఆవిరి మీద ఉడకబెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నా సంగతి వినండి. పొయ్యి వెలిగించలేదు, నీళ్లు పోయలేదు. ఆ ఘనకార్యమంతా డిగ్రీలో చదివిన భూగోళశాస్త్రంతోనే చేశాను.

తొంభైల చివరి మాట. పెళ్లయి వినుకొండ దగ్గర అత్తగారి ఊరికి వచ్చిన తొలి ఏడాది. బి.ఎడ్. చేసి టీచరవ్వాలని నాకు ప్రాణం కొట్టుకుంటోంది. మా ఆయన ఒప్పుకున్నాడు గానీ, ఆ ఇంట్లో చెల్లేది మామయ్యగారి మాట. ప్రవేశ పరీక్షకు ఫీజు కట్టే గడువు దగ్గర పడుతుంటే ధైర్యం చేసి అడిగాను.

"డిగ్రీలో ఏం చదివావమ్మా?" అన్నారాయన కళ్లంలో కాయలు తిరగేస్తూ.

"భూగోళం, మామయ్యగారూ. సూర్యుడి వేడి భూమికి ఎలా వస్తుంది, మళ్లీ ఎలా పోతుంది, అవన్నీ."

"దానికి చదువెందుకు? బయటికొచ్చి నిలబడితే తెలవదా?"

అక్కడ ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ నాకు ఫస్ట్ క్లాసు వచ్చిందన్న పొగరొకటి ఉండేది. "ఆ చదువుతోనే మీ కాయల్ని సగం రోజుల్లో ఎండబెట్టి చూపిస్తాను" అనేశాను.

మామయ్యగారు నన్ను ఎగాదిగా చూశారు. "సరే. ఆ మూల పోసిన కాయలు నీవి. ఎండితే బి.ఎడ్. సంగతి మాట్లాడదాం. ఎండకపోతే మళ్లీ ఆ ఊసెత్తకూడదు."

మర్నాడే మా ఆయన చేత వినుకొండ నుంచి తెల్లటి ప్లాస్టిక్ పట్టా తెప్పించాను, లోపలున్నది కనిపించేది. కాయల మీద కప్పి, గాలి చొరబడకుండా అంచుల మీద మట్టి పోశాను. అత్తయ్య నడుం మీద చెయ్యేసుకుని చూస్తోంది.

"ఎందుకే ఆ దుప్పటి? కాయలకేమన్నా జ్వరమొచ్చిందా?"

"ఎండ ఈ పట్టాలోంచి లోపలికి పోతుంది అత్తయ్యా. కింద నేల కాగి, ఆ వేడిని మళ్లీ పైకి వదులుతుంది. అది పట్టా దాటి పోలేక లోపలే ఉండిపోతుంది. భూమి చుట్టూ ఉన్న గాలి కూడా ఇంచుమించు ఇదే పని చేస్తుంది."

అత్తయ్య పూర్తిగా నమ్మింది. నాకు అదే పెద్ద ప్రమాదమైంది. సాయంత్రానికల్లా వీధంతా చెప్పొచ్చింది: "మా కోడలు ఎండని పట్టా కింద కట్టేసింది."

మర్నాడు చూస్తే పట్టా లోపలి వైపంతా నీటి చుక్కలు. కాయల్లో చెమ్మ బయటికొచ్చేస్తోందని నేను మురిసిపోయాను. ఆ చుక్కలు మళ్లీ కాయల మీదే వానలా రాలుతున్నాయని తట్టలేదు. వేడి పోకుండా అన్ని దారులూ మూశాను గానీ, చెమ్మకు ఒక్క దారీ ఉంచలేదు. ఆవిరి, మేఘం, వాన అన్న పాఠమూ ఆ ఫస్ట్ క్లాసు తెచ్చిన చదువులోదే మరి.

పట్టా తీసే రోజు అత్తయ్య పిలిచిన జనమంతా వచ్చారు. మామయ్యగారు అంచు పట్టుకుని లేపారు. ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు గుప్పున ఆవిరి లేచింది, దాంతో పాటే ఘాటూ. వచ్చినవాళ్లు వచ్చినట్టే తుమ్ముకుంటూ పరుగెత్తారు. గలగలలాడాల్సిన కాయలు మెత్తగా, తెల్లమచ్చలతో ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

"ఇవి ఎండినయ్యా, ఉడికినయ్యా?" అన్నారు మామయ్యగారు కళ్లు తుడుచుకుంటూ.

"ఉడికాయండి."

నా కళ్లలో నీళ్లు కూడా ఘాటు వల్లే అనుకున్నారు అందరూ. బి.ఎడ్. పోయిందని ఏడుస్తున్నానని ఎవరికి చెప్పను?

ఆ సాయంత్రం అన్నం తింటూ మామయ్యగారు, "రేపు గుంటూరెళ్లి ఆ పరీక్షకి ఫీజు కట్టి రా" అన్నారు.

"కాయలు ఎండలేదు కదండీ?" అన్నాను.

"అందుకే పొమ్మంటున్నా. ఇంట్లో ఉంటే ఈసారి పత్తి మీద పడతావు. నీ చదువు పిల్లకాయలకి చెప్పుకో, వాళ్ల దగ్గర మిరపకాయలుండవు. ఆ కాలేజీకి హాస్టలుందా?"

"ఉందండి."

"ఉంటే, కళ్లాలెత్తిందాకా ఇంటికి రామాక."

అలా నా బి.ఎడ్. అయింది, ఉద్యోగమూ వచ్చింది. ఆ పాఠం ఏటా చెబుతాను, పిల్లలకు మార్కులూ బాగానే వస్తాయి. అయినా మాడ్చేస్తున్న ఈ ఎండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: సూర్యుడికీ మిరపకాయకీ మధ్య ఇక ఈ జన్మలో అడ్డం రాను.