బోర్డు మీద నూట నలభై ఏడు

దయ్యాలని నేను నమ్మను. ఇది రాస్తున్నప్పుడు కూడా నమ్మడం లేదు. మా నాయన దేవుణ్ణి ఎంత గట్టిగా నమ్మేవాడో దయ్యాల మాట అంత గట్టిగా కొట్టిపారేసేవాడు. ఆ గుణమే నాకూ వచ్చింది. నా పని కూడా అలాంటిదే. వింతగా కనపడిన ప్రతిదానికీ కారణం వెతికి పట్టుకోవడమే నాకింత కూడు పెడుతోంది.

నంద్యాలలో ఇంట్లోనే కూర్చుని డ్రైవర్లు రాస్తాను. "ఏం బండి తోల్తాండావ్‌రా?" అని మా చిన్నాన్న ఇప్పటికీ అడుగుతాడు. కంప్యూటర్‌కి ప్రింటరో తెరో తగిలిస్తే, ఆ రెండింటి మధ్య మాటలు మోసే ప్రోగ్రామ్ పేరు డ్రైవర్. వేరేవాళ్లు రాసినవాటిలో తప్పులు పట్టడంలో నాకు మంచి పేరుంది. ముఖ్యంగా ఒక తప్పు. మెమరీలో కాస్త చోటు తీసుకుంటే ముందు దాన్ని సున్నాలతో నింపాలి. నింపకుండా చదివితే, అంతకుముందు అక్కడ మిగిలిపోయిన చెత్త ఏదో చదువుతాం. శేరు దులపకుండా బియ్యం కొలిస్తే పాత గింజలు కలిసినట్టు. ఈ తప్పు చేసినవాళ్లని నేను తిట్టిన తిట్లు మామూలువి కావు.

మా చర్చి ఆళ్లగడ్డలో ఉంది. అక్కడ ఒకప్పుడు పాట నంబర్లు చెక్క పలకలతో పెట్టేవాళ్లు. ఆ పని కాంతమ్మ టీచరమ్మది. దొర్నిపాడు బడిలో పనిచేసి రిటైరైన మనిషి, వెనకా ముందూ ఎవరూ లేరు. ఆదివారం అందరికన్నా ముందొచ్చి పలకలు తుడిచి పెట్టేది. మా సంఘంలో ఒక అలవాటుంది. పాట ఏదో పాస్టరు అయ్యగారు నోటితో చెప్పరు. బోర్డు మీద నంబరు కనపడితే చాలు, హార్మోనియం మొదలవుతుంది, అందరూ ఎత్తుకుంటారు.

నాయన పోయాక ఆయన పేరు రాయించి, లైట్లతో వెలిగే బోర్డు ఒకటి చేయించి చర్చికిచ్చాను. డ్రైవర్ నేనే రాశాను. ఊరికే ఇచ్చేదే కదా అని రెండు రోజుల్లో ముగించాను. మీటలు నొక్కడం టీచరమ్మకి నేర్పాను. పాత పలకలన్నీ ఆమే తుడిచి కట్ట కట్టి పెట్టింది.

ఒక పెళ్లిలో, సరిగ్గా పెళ్లికూతురు లోపలికి అడుగుపెట్టే వేళ కరెంటు పోయి వచ్చింది. బోర్డు ఆరి మళ్లీ వెలిగింది. దాని మీద 147. మా పాటల పుస్తకంలో అది ఎవరైనా పోతే భూస్థాపనప్పుడు పాడే పాట. హార్మోనియం ఆయనకి నంబర్లన్నీ కంఠతా వచ్చు, అలవాటు కొద్దీ ఎత్తుకున్నాడు. వెనక బెంచీలవాళ్లు రెండు వరుసలు పాడేశారు కూడా. పెళ్లికూతురి తల్లి ఉన్నచోటే కూలబడింది.

నాకు ఆ క్షణంలోనే తట్టింది. నంబరు దాచే చోటుని నేను సున్నా చేయలేదు. జనమంతా మీటల దగ్గరున్న టీచరమ్మ వైపు తిరిగారు.

"నేను నొక్కలేదప్పా," అంది. నాతోనే అంది, నేను చెప్తే అందరూ నమ్ముతారని.

"నొక్కకుండా నంబరు యాడ్నుంచి వస్తాది టీచరమ్మా?" అన్నాను.

నాయన పేరున్న బోర్డు అది. తప్పు దానిదంటే నలుగురిలో నా పరువు పోతుందని అలా అన్నాను. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. ఆమె తల దించుకుంది. మళ్లీ ఆదివారం నుంచి ఆమెని ఎవరూ బోర్డు దగ్గరికి రానివ్వలేదు. చూపు మందగించిందని కొందరు, మతి తప్పిందని కొందరు అనుకున్నారు. చివరి బెంచీలో కూర్చునేది. నేను వెళ్లినప్పుడల్లా "బాగుండావా నాయనా?" అని అడిగేది. నాకు తల కొట్టేసినట్టుండేది.

ఇంట్లో అలాంటి బోర్డే ఇంకోటి పెట్టి తప్పు వెతికాను. ఖాళీ మెమరీనంతా ముందే అయిదులతో నింపి చూడటం నా పద్ధతి. బోర్డు మీద అయిదులు కనపడితే, సున్నా చేయని చోటు చదువుతున్నట్టే. 555 వచ్చింది. తప్పు నాదే, ఇక అనుమానం లేదు. అయిదులు తీసేసి ఊరికే ఆపి వెలిగిస్తే 38, 901, ఏవేవో వచ్చాయి. వారం రోజులు ప్రయత్నించినా 147 ఒక్కసారీ రాలేదు. ఆ రోజు అలా పడిందిలే అనుకున్నాను. తప్పు సరిదిద్దాను. నొక్కిన ప్రతి మీటా నమోదయ్యేలా చేశాను. సాఫ్ట్‌వేర్ పాతదైందని అయ్యగారికి చెప్పి మార్చి వచ్చాను. టీచరమ్మ సంగతి ఎత్తలేదు. చెప్దాంలే, చెప్దాంలే అనుకుంటూనే ఉన్నాను.

ఆ ఎండాకాలంలో ఆమె ప్రభువు దగ్గరికి పోయింది. చర్చిలో శవప్పెట్టె ముందు జనం కూర్చున్నారు. నంబరు పెట్టమని అయ్యగారు నాకే చెప్పారు. స్విచ్ వేశాను. బోర్డు ఖాళీగా ఉంది, ఉండాల్సినట్టే. ఆ మూడంకెలు నొక్కడానికి నాకు చేతులు రాలేదు. వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. మంచి మధ్యాహ్నం, కరెంటు పోలేదు, మీటల దగ్గర నేను తప్ప ఎవరూ లేరు. బోర్డు మీద 147 వెలిగింది. హార్మోనియం మొదలైంది.

పాట అయ్యాక అయ్యగారు నా భుజం తట్టారు. "సరిగ్గా టయానికి పెట్టినావప్పా."

"నేను నొక్కలేదయ్యా," అన్నాను.

ఆయన నా మొహంలోకి జాలిగా చూశారు. "నొక్కకుండా నంబరు యాడ్నుంచి వస్తాదప్పా?" అని పెట్టె వైపు వెళ్లిపోయారు.

సాయంత్రం మీటల నమోదు తీసి చూశాను. ఆ రోజు ఒక్క మీటా నొక్కినట్టు లేదు. డ్రైవర్ మొదటినుంచి చివరిదాకా ఎన్నిసార్లు చదివానో. అన్నిచోట్లా సున్నా చేసే ఉంది. అయిదులు నింపి వెలిగించినా ఖాళీ బోర్డే వస్తోంది. ఆ నంబరు ఎలా వచ్చిందో నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను.

పెళ్లిరోజుది ఎవరి తప్పో మాత్రం తెలుసు. మొన్న ఆదివారం అది సంఘంలో అందరికీ చెప్పాలనే ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఆమె కూర్చునే చివరి బెంచీలో కూర్చున్నాను. ఆరాధన కూటం అయిపోయింది, అందరూ వెళ్లిపోయారు. చెప్పకుండానే లేచి వచ్చాను.