సరోజ రాసిన స్పెల్లింగ్

బ్రూక్‌ఫీల్డ్ సూపర్‌మార్కెట్‌లో ఎండుమిర్చి పొట్లం మీద స్పానిష్ పేరు చదివాను: ఒకే ‘ఎల్’, చివర ‘ఇ’.

బొమ్మనహళ్ళి బడిలో మనతో చదివిన సరోజ గుర్తుందా? ఇంగ్లీషు పరీక్షలో ‘చిల్లీ’ని సరిగ్గా అలాగే రాసింది.

“కారం తగిల్తే స్పెల్లింగ్ అదే వస్తాది. ఎవరి క్యారియర్‌లో మిరపకాయ ఉండాది?” అన్నారు టీచరు.

నా పెరుగన్నంలోంచి నేనే తీసిచ్చాను.

“వద్దు మిస్, నోరంతా పుండ్లుండాయి,” అని సరోజ ఏడ్చింది. అయినా నమిలించారు.

“ఎట్లుండాదో ఇంగ్లీషులో చెప్పు.”

“హాట్, మిస్.”

“స్పెల్లింగ్?”

చొంగ కారుతుండగా ఒక్కో అక్షరం చెప్పింది. మనమంతా నవ్వాం.

ఆమె మళ్ళీ బడికి రాలేదు. ముందు బెంచీలో ఆమె చోటు నాకిమ్మని మర్నాడే అడిగాను. టీచరు ఇచ్చారు.