నేను కొట్టివేసిన పేరు

సహోదరులారా, సంఘం ముందు నిలబడటం నాకు అలవాటు లేదు. కాని ఈ మాట చెప్పకపోతే దేవుడు చేసిన మేలును దాచినవాడినవుతాను.

మా ఇద్దరు కూతుళ్ళూ తలసేమియాతో పుట్టారు. వాళ్ళ ఒంట్లో సరైన రక్తం తయారు కాదు, మూడు వారాలకొకసారి పామర్రు నుంచి విజయవాడ తీసుకెళ్ళి ఎక్కించాలి. పెద్దది గ్రేస్ తొమ్మిదో ఏట ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయింది. చిన్నది కీర్తననైనా దక్కించుకోవాలని, మన సంఘంలో పాప గ్రూపే అయిన ఓ-పాజిటివ్ ఉన్నవారందరి పేర్లూ నోటుపుస్తకంలో రాసుకున్నాను. మీరు వంతులవారీగా వచ్చి ఇచ్చారు.

కీర్తనకు పదకొండో ఏడు వచ్చాక ఆ రక్తం నిలవడం మానేసింది. ఎక్కించిన వారానికే కళ్ళు పచ్చబడేవి, మూత్రం నల్లగా వచ్చేది, పిల్ల నాలుగు మెట్లెక్కలేక కూర్చుండిపోయేది. అప్పుడు నేను చేసిన ప్రార్థన మీ ముందు ఒప్పుకుంటున్నాను: "ప్రభువా, ఎవరి పాపం ఈ రక్తంలో వస్తున్నదో బయటపెట్టు." అంతటితో ఊరుకోక, పుస్తకం తీసి పేర్లు కొట్టివేశాను! చుట్ట కాల్చేవారిని, ఆరాధనకు సరిగా రానివారిని, అందరికంటే ముందు వెంకన్నను. అతను మన వీధుల్లో చేపలమ్మే మనిషి, విశ్వాసి కాడు, కల్లు తాగుతాడు. పాప సంగతి విని తనంతట తానే వచ్చి, పుస్తకంలో పేరు రాయించుకుని, రెండుసార్లు రక్తమిచ్చినవాడు.

అయినా రక్తం నిలవలేదు. చివరికి డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"మాస్టారూ, ఓ-పాజిటివ్ అంటే సరిపోదండి. లోపల చిన్న గ్రూపులు చాలా ఉంటాయి, అవి కలవకపోతే పాప ఒళ్ళు తిరగబడుతుంది. మామూలు టెస్టులో చూద్దామంటే పాపలో ఇప్పుడు ఎంతోమంది రక్తం కలిసి ఉంది. జీన్ టెస్టు చేయిస్తే పాప సొంత గ్రూపులేంటో తెలుస్తాయి."

శాంపిల్ దూరపు ల్యాబుకు వెళ్ళి, ఫలితం వచ్చింది. దాతలకు కూడా ఆ చిన్న గ్రూపులు చూడాలని ఆయన నా పుస్తకం అడిగారు. తిరగేసి, "ఈ కొట్టేసినవాళ్ళెవరండీ? వాళ్ళనీ పిలవండి" అన్నారు.

వెంకన్న దగ్గరకు వెళ్ళాను. చేపలు కోస్తూ తలెత్తాడు.

"నా పేరు కొట్టేశారంట కదండీ మాస్టారు! నా రక్తం ఎక్కితే పాప కల్లు పాటలు పాడుద్దనుకున్నారా?"

"తప్పు చేశాను, వెంకన్నా."

"పోనీండి. కత్తి కడుక్కొని వస్తా. ఎక్కడికి రావాలి?"

పుస్తకంలో ఉన్నవారందరిలో పాపకు పూర్తిగా కలిసింది ఐదుగురిది. నలుగురు ఈ వరసల్లోనే కూర్చున్నారు. ఐదోవాడు వెంకన్న. మొదట అతని రక్తమే ఎక్కించారు. మూడు వారాలు గడిచినా కీర్తన కళ్ళు తెల్లగానే ఉన్నాయి, ఆసుపత్రి మెట్లు నా చెయ్యి వదిలి ఎక్కింది. దేవునికే మహిమ!

ఎవరి పాపమో బయటపెట్టమని అడిగాను, ఆయన బయటపెట్టాడు. అది నాదే. గ్రేస్‌కు కూడా ఇలాగే జరిగిందా అన్నది నాకు తెలియదు. ఆ ప్రశ్న ఆయన చేతుల్లో పెట్టాను.

కీర్తన జబ్బు పోలేదు, కాని ఇప్పటికి రెండేళ్ళుగా రక్తం నిలుస్తోంది, ముందుకూ నిలుస్తుందని నమ్ముతున్నాను. మీలో ఎవరైనా జవాబు కోసం ఎదురుచూస్తుంటే ఆయన్ను నమ్మండి, ఆయన ఎవరి చేత పంపాలో మాత్రం మీరు చెప్పకండి. వచ్చే శుక్రవారం మళ్ళీ విజయవాడ వెళ్తున్నాం. ఈసారి వంతు వెంకన్నది. ప్రార్థనలో పాప పేరుతో పాటు అతని పేరు కూడా పలకమని వేడుకుంటున్నాను.